రెండు రెట్లు వస్తోంది, ఆ సగం ఎక్కడ పోయింది? (ఇమేజ్ ఛార్జ్ లెక్క)

#1 పలక_బలపం
ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాది నాది. ఈఎం (విద్యుదయస్కాంత) థియరీ అసైన్‌మెంట్‌లో మూడో లెక్క దగ్గర రెండు రాత్రులుగా ఆగిపోయాను.

లెక్క ఇదీ: ఎర్త్ చేసిన చాలా పెద్ద లోహపు ప్లేటు. దానికి డి దూరంలో క్యూ అనే పాయింట్ ఛార్జ్. దాన్ని అనంత దూరం నుంచి అక్కడికి తీసుకురావడానికి ఎంత పని చేయాలి?

నేను ప్లేటు తీసేసి, అవతలి వైపు అంతే దూరంలో మైనస్ క్యూ పెట్టాను (దీన్నే ఇమేజ్ ఛార్జ్ అంటారు). మధ్య దూరం 2డి. కాబట్టి శక్తి −కె క్యూ²/2డి. (కె అంటే 1/(4 పై ఎప్సిలాన్ నాట్), టైపు చేయడం కష్టమని ఇలా రాస్తున్నా.) పుస్తకం వెనక ఆన్సర్ −కె క్యూ²/4డి. సరిగ్గా సగం.

రూమ్మేట్‌ని అడిగితే "మధ్యలో ఎక్కడో ఒక 1/2 పెట్టెయ్, ఎవరూ చూడరు" అన్నాడు. అలా పెట్టడం నాకిష్టం లేదు. డిగ్రీ వరకు తెలుగు మీడియం, క్లాసులో లేచి ఇంగ్లీషులో అడగాలంటే టెన్షన్. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఆ సగం ఎక్కడ పోయింది?

#2 నెట్_టార్గెట్
ఇమేజ్ లెక్కల్లో ఎప్పుడూ సగమే. గుర్తుపెట్టుకుని ముందుకెళ్లు తమ్ముడూ. ఒక్క లెక్క మీద రెండు రాత్రులంటే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుంది?

#3 కెరటం_కాకినాడ
వెనక ఇచ్చిన ఆన్సర్లలో అచ్చుతప్పులు బోలెడుంటాయి. రెండు ఛార్జ్‌ల మధ్య శక్తి నువ్వు రాసిందే కదా. నాకైతే నీ ఆన్సరే కరెక్ట్ అనిపిస్తోంది.

#4 సున్నా_పొటెన్షియల్
అచ్చుతప్పు కాదు. ఆన్సర్ ఇప్పుడే చెప్పను, ముందు ఒక పని చెయ్యి. నీ −కె క్యూ²/2డి ని డి తో డిఫరెన్షియేట్ చెయ్యి, ఫోర్స్ వస్తుంది. తర్వాత విడిగా కూలుమ్ సూత్రంతో అదే ఫోర్స్ కట్టు. రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

#5 పలక_బలపం
చేశాను.
శక్తి నుంచి వచ్చిన ఫోర్స్: కె క్యూ²/2డి²
కూలుమ్ నుంచి వచ్చిన ఫోర్స్: దూరం 2డి కాబట్టి కె క్యూ²/4డి²
నా శక్తికి, నా ఫోర్స్‌కే పొత్తు కుదరడం లేదు! అంటే పుస్తకం వెనక్కి తిప్పకుండానే నా ఆన్సర్ తప్పని తెలిసేదన్నమాట.

#6 సున్నా_పొటెన్షియల్
నేను చూపించాలనుకున్నది అదే. ఇప్పుడు ఫోర్స్‌ని నమ్ము. అనంతం నుంచి డి వరకు ఇంటిగ్రేట్ చెయ్యి.

#7 పలక_బలపం
ఫోర్స్ కె క్యూ²/4జెడ్², జెడ్ అనంతం నుంచి డి దాకా. −కె క్యూ²/4డి వచ్చేసింది. పుస్తకంలోదే. కానీ మొదటి పద్ధతి ఎందుకు తప్పో ఇంకా అర్థం కాలేదు. ఆన్సర్ దొరికింది గానీ అనుమానం పోలేదు.

#8 వెన్నెల_ల్యాబ్
నాకు అర్థమైన పద్ధతిలో చెప్తా. నిజంగానే ప్లస్ క్యూ, మైనస్ క్యూ రెండు ఛార్జ్‌లున్నాయి అనుకో. నువ్వు ఒకదాన్ని, నీ ఫ్రెండ్ ఇంకోదాన్ని, చెరో వైపు నుంచి ఒకే వేగంతో తెస్తున్నారు. మంచాన్ని ఇద్దరు మోసినట్టు. మొత్తం పని −కె క్యూ²/2డి, అందులో నీ వాటా సగం, ఫ్రెండ్ వాటా సగం.

ఇప్పుడు ప్లేటు లెక్కకి రా. నువ్వు దగ్గరికి వస్తుంటే ఇమేజ్ కూడా తనంతట తనే దగ్గరికి వస్తోంది. దాన్ని ఎవరూ మోయడం లేదు. ప్లేటు మీద నిజంగా కదిలేది ప్రేరిత ఛార్జ్, అంటే క్యూ దగ్గరికి రావడం వల్ల ప్లేటులో చేరే ఛార్జ్. అది సున్నా పొటెన్షియల్ ఉన్న లోహంలోనే కదులుతుంది కాబట్టి దాన్ని కదపడానికి పని అక్కర్లేదు. నీ వాటా ఒక్కటే మిగిలింది.

#9 పలక_బలపం
#8 మేడం, చాలా థాంక్స్. నేను ఇమేజ్‌ని ముందే అక్కడ పాతేసి, దాని దగ్గరికి క్యూ ని తెచ్చినట్టు లెక్క కట్టాను. నిజానికి క్యూ దూరంగా ఉన్నప్పుడు ఇమేజ్ కూడా దూరంగానే ఉంటుంది కదా!

#10 కెరటం_కాకినాడ
#3 లో నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నా. #8 చదివాక స్పష్టంగా ఉంది.

#11 గట్టుమీద_గాలి
ఇంకో దారి కూడా ఉంది. శక్తి ఉండేది ఫీల్డ్‌లో. నిజమైన రెండు ఛార్జ్‌లుంటే ఫీల్డ్ రెండు వైపులా ఉంటుంది. ప్లేటు ఉంటే వెనక వైపు ఫీల్డ్ సున్నా. సగం చోటులోనే ఫీల్డ్, కాబట్టి సగం శక్తి. రెండు లైన్లలో అయిపోతుంది.

#12 నెట్_టార్గెట్
#2 లో నేను చెప్పింది ఇదే. సగం. ఇన్ని దారులు తిరిగి అక్కడికే వచ్చారు.

#13 పాత_సుద్దముక్క
ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు విద్యుత్తు పాఠం చెప్పాను, ఇప్పుడు రిటైరయ్యాను. #12 బాబూ, మీ మాట ఈ లెక్కకు సరిపోయింది గానీ, సూత్రంగా పట్టుకుంటే ఒకచోట పడేస్తుంది. ఒక చిన్న మార్పు చేసి చూద్దాం.

ప్లేటు బదులు లోహపు గోళం తీసుకోండి. దానికి ఎర్త్ లేదు. దాని మీద ముందే పెద్ద క్యూ అంత ఆవేశం (ఛార్జ్) ఉంది. బయటి నుంచి చిన్న క్యూ ని తెస్తున్నాం. పనిలో రెండు భాగాలుంటాయి. గోళం మీద ముందే ఉన్న ఆవేశం వల్ల వచ్చే భాగం, చిన్న క్యూ వచ్చినందువల్ల కొత్తగా సర్దుకున్న ఆవేశం వల్ల వచ్చే భాగం. రెండో దానికి సగం వస్తుంది. మొదటి దానికి రాదు, పూర్తిగా కె × పెద్ద క్యూ × చిన్న క్యూ / దూరం. అన్నిటినీ కలిపి సగం చేస్తే తప్పు.

నేను క్లాసులో ఇలా చెప్పేవాణ్ని: ముందే ఉన్నదానికి పూర్తి, నీవల్ల పుట్టినదానికి సగం. నీవల్ల పుట్టింది నీతో పాటే సున్నా నుంచి పెరుగుతుంది. స్ప్రింగ్‌ను లాగినప్పుడు బలం సున్నా నుంచి పెరిగి శక్తిలో 1/2 వచ్చినట్టే ఇదీ.

#14 సున్నా_పొటెన్షియల్
మాస్టారు, ఆ ఆఖరి పేరా ప్రింటు తీసి గోడకి అంటించుకోవాలి.

#15 వెన్నెల_ల్యాబ్
స్ప్రింగ్ పోలిక నాకెప్పుడూ తట్టలేదు. కెపాసిటర్‌లో నిల్వ శక్తి 1/2 సివి² (సి కెపాసిటెన్స్, వి వోల్టేజి) కూడా అదే కదా మాస్టారూ? మొదటి ఛార్జ్ ముక్క పెట్టేటప్పుడు వోల్టేజి సున్నా, ఆఖరి ముక్కకి పూర్తి వి. సగటు వి/2.

#16 పాత_సుద్దముక్క
అదేనమ్మా.

#17 మిల్లు_వీధి
కెపాసిటర్ అన్నారు కాబట్టి నా పాత అనుమానం కూడా ఇక్కడే అడుగుతా. బ్యాటరీ ఇచ్చే శక్తి సివి². కెపాసిటర్‌లో నిల్వ అయ్యేది 1/2 సివి². మిగతా సగం రెసిస్టెన్స్‌లో వేడి అవుతుందని రాస్తాం. కానీ రెసిస్టెన్స్ 1 ఓమ్ అయినా, 1000 ఓమ్‌లు అయినా అదే సగం! ఇదెలా కుదురుతుంది? నాకు డిగ్రీలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మా ఊళ్లో రైస్ మిల్లు చూసుకుంటున్నా, కానీ ఈ ప్రశ్న పోలేదు.

#18 గట్టుమీద_గాలి
రెసిస్టెన్స్ తక్కువైతే కరెంటు ఎక్కువ, కానీ తొందరగా అయిపోతుంది. ఎక్కువైతే కరెంటు తక్కువ, కానీ చాలాసేపు పారుతుంది. ఐ² ఆర్ ని (ఐ కరెంటు, ఆర్ రెసిస్టెన్స్) టైమ్ మీద ఇంటిగ్రేట్ చేస్తే ఆర్ కొట్టుకుపోతుంది. అంకెల్లో చెప్పాలంటే 1000 మైక్రోఫారడ్, 10 వోల్టులు తీసుకో. బ్యాటరీ ఇచ్చింది 0.1 జౌల్. నిల్వ 0.05. వేడి 0.05. ఆర్ ఎంతైనా సరే.

#19 కెరటం_కాకినాడ
మరి ఆర్ సున్నా అయితే? వేడి అవడానికి చోటే లేదు కదా.

#20 సున్నా_పొటెన్షియల్
నిజం వైర్‌కి కొంచెమైనా ఇండక్టెన్స్ (కరెంటు మారడాన్ని అడ్డుకునే గుణం) ఉంటుంది. అప్పుడు ఛార్జ్ అటూ ఇటూ ఊగుతుంది, ఊగుతూ రేడియేషన్‌గా కొంత పోతుంది. "ఆర్ సున్నా" అని పేపర్ మీద రాసినంత మాత్రాన వైర్‌లో మిగతావన్నీ సున్నా అయిపోవు.

ఇంకో ముఖ్యమైన సంగతి: ఆ సగం పోవడం తప్పనిసరి కాదు. 10 వోల్టుల బ్యాటరీకి ఒకేసారి తగిలించావు కాబట్టి పోయింది. ముందు 5 వోల్టులకి, తర్వాత 10కి తగిలించు. మొదటి మెట్టులో నష్టం 0.0125 జౌల్, రెండో మెట్టులో ఇంకో 0.0125. మొత్తం 0.025. ఇందాకటి నష్టంలో సగమే. పది సమాన మెట్లు చేస్తే పదో వంతు.

#21 మిల్లు_వీధి
ఇది మాత్రం నిజంగా కొత్త విషయం! మెట్లు పెంచుకుంటూ పోతే నష్టం తగ్గుతుందన్నమాట. ఇన్నేళ్ల తర్వాత తీరింది. థాంక్స్ అండీ.

ప్రతిఫలంగా మా మిల్లు లెక్క ఒకటి. కన్వేయర్ బెల్టు సెకనుకి 2 మీటర్ల వేగంతో పోతోంది. పైనుంచి సెకనుకి 5 కిలోల ధాన్యం నిటారుగా పడుతోంది. మోటారు అదనంగా ఎంత పవర్ ఇవ్వాలి?

#22 పలక_బలపం
ధాన్యానికి సెకనుకి వచ్చే గతిజ శక్తి 1/2 × 5 × 4 = 10 వాట్లు. ఆన్సర్ 10?

#23 మిల్లు_వీధి
నేనూ డిగ్రీలో అదే రాశాను, తప్పయింది. మొమెంటంతో చేసి చూడు.

#24 పలక_బలపం
సెకనుకి మొమెంటం మార్పు 5 × 2 = 10 న్యూటన్లు. పవర్ = ఫోర్స్ × వేగం = 10 × 2 = 20 వాట్లు. మళ్లీ రెండు రెట్లు! మిగతా 10 వాట్లు రాపిడి వల్ల వేడి అవుతున్నట్టున్నాయి. బెల్టు మీద పడిన గింజ వెంటనే బెల్టు వేగం అందుకోదు కదా, కాసేపు జారుతుంది.

#25 నెట్_టార్గెట్
కరెక్ట్. ఈ మోడల్ ఎంట్రన్స్ పరీక్షలకి బాగా పనికొస్తుంది. ఆప్షన్లలో 10, 20 రెండూ పెడతారు.

#26 వెన్నెల_ల్యాబ్
రాపిడి గుణకం ఎంతో ఇవ్వకుండానే వేడి సరిగ్గా 10 వాట్లని ఎలా చెప్పగలిగాం? అది కూడా చూడాలి. బెల్టు మీద కూర్చుని చూడు. ధాన్యం 2 మీటర్ల వేగంతో ఎదురొచ్చి, నీ దగ్గర ఆగిపోతోంది. ఆగిపోయినప్పుడు దాని గతిజ శక్తి మొత్తం, అంటే సెకనుకి 10 జౌల్స్, వేడి అయింది. గరుకు బెల్టయితే తొందరగా ఆగుతుంది, నున్నటిదైతే ఎక్కువ దూరం జారి ఆగుతుంది. వేడి మాత్రం ఒకటే. #18 లో ఆర్ కొట్టుకుపోయినట్టే ఇక్కడ రాపిడి గుణకం కొట్టుకుపోయింది.

#27 గట్టుమీద_గాలి
అంటే కెపాసిటర్ సగం, బెల్టు సగం, ఇమేజ్ సగం అన్నీ ఒకటే!

#28 సున్నా_పొటెన్షియల్
కాదు, నేను ఒప్పుకోను. కెపాసిటర్, బెల్టు ఒక జాతి. అక్కడ సగం శక్తి నిజంగా ఉంది, ఖర్చయింది, వేడిగా మారింది. చెయ్యి పెడితే తగులుతుంది. ఇమేజ్ లెక్కలో పోయిన సగం అసలు ఎప్పుడూ లేదు. ఫ్రెండ్ వాటాని మన ఖాతాలో రాసుకున్నాం. అక్కడ ప్లేటు వేడెక్కదు. ఛార్జ్‌ని మెల్లగా తీసుకొస్తే నష్టమే ఉండదు, వెనక్కి తీసుకెళ్తే మొత్తం తిరిగొస్తుంది. ఈ రెండింటినీ కలిపేస్తే పలక_బలపం మళ్లీ అయోమయంలో పడతాడు.

#29 గట్టుమీద_గాలి
వెనక్కి తీసుకెళ్తే తిరిగొస్తుంది అన్న పరీక్ష బాగుంది. ఒప్పుకుంటున్నా. ధాన్యాన్ని వెనక్కి పంపితే ఆ వేడి తిరిగిరాదు.

#30 అరుణ_రేఖ
మూడో జాతి కూడా ఉంది. లెక్క సరిగ్గానే చేశాం, కానీ వాడిన సిద్ధాంతమే చాలదు. మా అటామిక్ ఫిజిక్స్ అసైన్‌మెంట్‌లో స్పిన్-ఆర్బిట్ శక్తి (ఎలక్ట్రాన్ స్పిన్‌కి, అది తిరిగే కక్ష్యకి మధ్య శక్తి) కట్టమన్నారు. ఎలక్ట్రాన్ దగ్గర కూర్చుని చూస్తే న్యూక్లియస్ చుట్టూ తిరుగుతుంది, దాని అయస్కాంత క్షేత్రంలో స్పిన్‌కి శక్తి. నీట్‌గా వచ్చింది, కానీ స్పెక్ట్రమ్‌తో పోలిస్తే రెండు రెట్లు. ఎలక్ట్రాన్ సరళరేఖలో పోవడం లేదు, తిరుగుతోంది, కాబట్టి దాని ఫ్రేమ్ కూడా కొద్దికొద్దిగా తిరుగుతుందని 1926లో థామస్ చూపించాడు. అందులోంచి 1/2 వచ్చింది. 1925లో స్పిన్ ఆలోచన వచ్చిన కొత్తలో ఈ రెండు రెట్ల తేడా పెద్దవాళ్లనే తికమక పెట్టింది.

ఆ రోజు నేను ఆన్సర్‌కి సరిపోవాలని 1/2 ఇరికించి ఇచ్చేశాను. మార్కులు పడ్డాయి. ఫ్రేమ్ అలా తిరగడాన్నే థామస్ ప్రిసెషన్ అంటారు. ఆ మాట మాత్రం ఆర్నెల్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో విన్నాను, అక్కడ ఏమీ చెప్పలేకపోయాను. ఇప్పటికీ బాధగా ఉంటుంది. పలక_బలపం, నువ్వు ఇరికించకుండా ఇక్కడికి వచ్చి అడిగావు, మంచి పని చేశావు.

#31 పాత_సుద్దముక్క
అమ్మా, చాలా మంచి ఉదాహరణ. ఐన్‌స్టీన్ కూడా ఇదే బాట నడిచాడు. సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే కాంతి 0.83 ఆర్క్ సెకండ్లు (ఒక ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగుతుందని 1911లో లెక్కగట్టాడు. 1914 ఆగస్టు గ్రహణంలో కొలవడానికి జర్మనీ నుంచి క్రిమియాకు బృందం వెళ్లింది, యుద్ధం వచ్చి పని సాగలేదు. 1915లో సాధారణ సాపేక్షత పూర్తయ్యాక మళ్లీ కడితే 1.7 వచ్చింది, రెండు రెట్లు. మొదటి లెక్కలో కాలం మీద గురుత్వ ప్రభావాన్నే తీసుకున్నాడు, స్థలం వంగడం అందులో లేదు. 1919 మే 29 గ్రహణంలో బ్రెజిల్‌లోని సోబ్రల్ దగ్గర, ఆఫ్రికా పక్కన ప్రిన్సిపె దీవిలో కొలిచారు, పెద్ద అంకె వైపే మొగ్గింది.

#32 కోటప్పకొండ
గ్రహణం అంటే మా గుంటూరు సంగతి చెప్పాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. అదే రోజు మచిలీపట్నంలో పాగ్సన్ చూశాడు. ఆ రోజు స్పెక్ట్రమ్‌లో కనిపించిన పసుపు గీత సోడియంది కాదని తర్వాత తేలింది, అదే హీలియం.

#33 కెరటం_కాకినాడ
గుంటూరంటే మిరపకాయలే అనుకున్నా, హీలియం కూడానా!

#34 సున్నా_పొటెన్షియల్
హీలియానికి వేరే పోస్టు పెట్టండి, నేనూ వస్తా. ఇక్కడ పాపం పిల్లాడి అసైన్‌మెంట్ ఉంది.

#35 నెట్_టార్గెట్
ఒక మాట నిజంగా అడుగుతున్నా, గొడవకి కాదు. ఇవన్నీ బాగున్నాయి, కానీ నెట్, జామ్ పరీక్షలు రాసేవాళ్లకి ఒక్కో ప్రశ్నకి దొరికేది మూడు నాలుగు నిమిషాలు. అక్కడ ఫ్రెండ్ వాటా, ఫీల్డ్ వాటా అని ఆలోచిస్తూ కూర్చుంటే పేపర్ పూర్తవదు. నేను రెండు సార్లు కొద్దిలో తప్పిపోయాను. షార్ట్‌కట్ తప్పని ఎలా అంటారు?

#36 అరుణ_రేఖ
షార్ట్‌కట్ తప్పు కాదు. అది ఎప్పుడు పనిచేయదో తెలియకపోవడం ప్రమాదం. #13 లో మాస్టారు ఇచ్చిన గోళం ప్రశ్న పరీక్షలో వస్తే నీ "ఎప్పుడూ సగం" నిన్ను తప్పు ఆప్షన్ దగ్గరికే తీసుకెళ్తుంది. ఆ ఆప్షన్ పెట్టి ఉంచుతారు కూడా, నువ్వే #25 లో చెప్పావు.

#37 వెన్నెల_ల్యాబ్
నేను యూనివర్సిటీ పేపర్లు దిద్దుతాను. ఆఖరి లైన్‌లో హఠాత్తుగా 1/2 ఊడిపడితే కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దానికి మార్కులు ఇవ్వాలనిపించదు. "నా ఆన్సర్ పుస్తకంతో రెండు రెట్లు తేడాగా ఉంది, ఫోర్స్‌తో పోల్చితే నాదే తప్పు, కారణం తెలియలేదు" అని రాసిన విద్యార్థికి మాత్రం నేను సంతోషంగా వేస్తాను. అలా రాసేవాళ్లు చాలా తక్కువ.

నెట్_టార్గెట్, టైమ్ గురించి నువ్వన్నది నిజమే. అందుకే ఇంటి దగ్గర, అసైన్‌మెంట్ టైమ్‌లోనే ఇది తేల్చుకోవాలి. #4 లో చెప్పిన డిఫరెన్షియేట్ పరీక్షకి అలవాటైతే అర నిమిషం పడుతుంది.

#38 నెట్_టార్గెట్
సరే మేడం. అర నిమిషం పరీక్ష అయితే నాకూ పనికొస్తుంది.

#39 తెలుగు_మీడియం
నాది ఒక చిన్న మాట. మా డిగ్రీ పుస్తకంలో దీన్ని "ప్రతిబింబ ఆవేశం" అని చదివాం. అద్దంలో ప్రతిబింబాన్ని ఎవరూ మోసుకురారు, మనం నడిస్తే అదే వస్తుంది. ఆ తెలుగు మాట పట్టుకుంటే #8 లో చెప్పింది వెంటనే తడుతుంది. ఎమ్మెస్సీకి వచ్చాక తెలుగు పదాలు చెప్పడానికి నేను కూడా వెనకాడాను. వెనకాడొద్దు, లెక్క ఏ భాషలో అర్థమైనా అర్థమైనట్టే.

#40 పలక_బలపం
#39 అన్నా, ఈ మాట చదివాక ధైర్యంగా ఉంది.

అసైన్‌మెంట్‌లో ఇలా రాశాను, ఒకసారి చూడండి. ముందు ఫోర్స్ కట్టి, ఇంటిగ్రేట్ చేసి −కె క్యూ²/4డి. కింద పరీక్ష: డిఫరెన్షియేట్ చేస్తే అదే ఫోర్స్ తిరిగొచ్చింది. ఇంకో దారి: 1/2 × క్యూ × ప్రేరిత ఛార్జ్ వల్ల క్యూ దగ్గర పొటెన్షియల్, ప్లేటు పొటెన్షియల్ సున్నా కాబట్టి ప్లేటు వాటా సున్నా. అదే ఆన్సర్. చివర అంకెలు: 1 నానోకూలుమ్, 1 సెంటీమీటర్ అయితే −0.225 మైక్రోజౌల్. మొదట చేసిన తప్పు పద్ధతిలో −0.45 వచ్చేదని, ఎందుకు తప్పో కూడా రెండు లైన్లు రాశాను.

#41 పాత_సుద్దముక్క
చాలా బాగుంది నాయనా. తప్పు పద్ధతిని కొట్టేయకుండా ఉంచి కారణం రాశావు చూడు, అది నాకు బాగా నచ్చింది. ఎర్త్ చేసిన గోళానికి కూడా కట్టి, ఛార్జ్‌ను గోళం ఉపరితలానికి బాగా దగ్గరగా తీసుకెళ్లి చూడు. దగ్గర నుంచి చూస్తే గోళం కూడా చదునే కదా, మీ ప్లేటు ఆన్సర్ రావాలి.

#42 పలక_బలపం
వచ్చింది మాస్టారూ! కేంద్రం నుంచి 'ఏ' అనే దూరంలో ఛార్జ్, గోళం వ్యాసార్ధం ఆర్ అయితే పని −కె క్యూ² ఆర్/2(ఏ² − ఆర్²). ఏ బదులు ఆర్ + డి పెట్టి, డి బాగా చిన్నది అనుకుంటే కింద 4 ఆర్ డి వస్తుంది, ఆర్ కొట్టుకుపోయి −కె క్యూ²/4డి. ఒళ్లు పులకరించింది.

#43 గట్టుమీద_గాలి
మరి ఇది చెయ్యి. రెండు ఎర్త్ ప్లేట్లు ఎల్ ఆకారంలో, లంబకోణంలో. ఛార్జ్ ఒకదానికి 'ఏ' అనే దూరం, ఇంకోదానికి 'బి' అనే దూరం. ఎంత పని?

#44 నెట్_టార్గెట్
ఇది నేను చేస్తా. ఇమేజ్‌లు మూడు: మైనస్ క్యూ రెండు, మూలకి ఎదురుగా ప్లస్ క్యూ ఒకటి. మొత్తం నాలుగు ఛార్జ్‌ల శక్తి కె క్యూ² (−1/ఏ − 1/బి + 1/√(ఏ² + బి²)). అందులో సగం...

ఆగండి. డిఫరెన్షియేట్ పరీక్ష చేశాను. సగం వేస్తే ఫోర్స్ రెండు రెట్లు వస్తోంది.

#45 పలక_బలపం
అన్నా, సగం కాదు, పావు! #11 లో చెప్పినట్టు చూడండి. ఎల్ మూలలో ఫీల్డ్ ఉన్న చోటు మొత్తంలో నాలుగో వంతే. #8 లో చెప్పినట్టు చూసినా అంతే, మంచాన్ని నలుగురు మోస్తున్నారు, మన వాటా ఒకటి. ఏ, బి రెండూ 1 సెంటీమీటర్, ఛార్జ్ 1 నానోకూలుమ్ అయితే −0.29 మైక్రోజౌల్. ఒక్క ప్లేటుకి 0.225 వచ్చింది కాబట్టి దానికన్నా ఎక్కువ, దాని రెండింతల కన్నా తక్కువ. మూలనున్న ప్లస్ ఇమేజ్ కొంచెం వెనక్కి నెడుతుంది కదా.

#46 నెట్_టార్గెట్
నిజమే, పావు. "ఎప్పుడూ సగం" అని #2 లో చెప్పినందుకు సారీ తమ్ముడూ. నా నోట్సులో దిద్దుకున్నాను.

#47 సున్నా_పొటెన్షియల్
ప్లేట్ల మధ్య కోణం 60 డిగ్రీలైతే?

#48 పలక_బలపం
ఇమేజ్‌లు ఐదు, కాబట్టి ఆరో వంతు అనుకుంటున్నా. కానీ చేయకుండా చెప్పను. అసైన్‌మెంట్ ఇచ్చేసి వచ్చి, రాత్రికి ఫోర్స్‌తో సరిచూసి ఇక్కడే పెడతాను.